ఎగుమతిలో మన పాలెంత?

ఐఫోను అను చేతి టెలిఫోను నేడు మన పట్టణములలో అపురూపమైన వస్తువు కాదు. ఇంట ఒకటి ఉన్నచో దానిని, లేదా అది వచ్చిన పెట్టెను, ఒక్కమారు త్రిప్పి చూడుడు. కాలిఫోర్నియాలో రూపకల్పన జరిగినదనియు, చైనాలో కూర్చబడినదనియు చిన్న అక్షరములతో వ్రాసియుండును. ఇటీవలి వాటిలో కొన్నింటిపై చైనాకు బదులు భారతదేశము పేరు కనిపించుటయు కద్దు. ఆ వ్రాతలో 'తయారైనది' అను మాట లేదు. 'కూర్చబడినది' అను మాటయే ఉన్నది. వ్యాపారులు మాటలను ఊరక వాడరు. ఒక వస్తువును చేయుట వేరు, ఎక్కడెక్కడనో చేసిన భాగములను తెచ్చి ఒకచోట బిగించుట వేరు అని వారికి బాగుగా తెలియును.

రేవులోని సుంకపు అధికారికి మాత్రము ఈ భేదముతో పని లేదు. పెట్టె ఏ దేశమునుండి బయలుదేరినది, దాని ధర ఎంత అను రెండు సంగతులే ఆయన పుస్తకములోనికి ఎక్కును. ధర నూరు డాలర్లైనచో నూరు డాలర్లును ఆ దేశపు ఎగుమతి క్రిందనే పడును. లోపలి భాగములు తొంబదియైదు డాలర్లకు పరాయి దేశములనుండి కొనితెచ్చినవే యైనను లెక్క మారదు. ఇందులో అధికారి తప్పేమియు లేదు. సుంకము వసూలు చేయుటకు పుట్టిన పద్ధతి అది. ఒక దేశములో పండినదియో నేసినదియో మరియొక దేశమునకు పోయి అక్కడనే వాడుకలో ముగిసిపోవు కాలమునకు ఆ పద్ధతి చాలినది. ఒకే వస్తువు పూర్తియగులోపల నాలుగైదు దేశముల సరిహద్దులు దాటుచున్న కాలమున అదే పుస్తకము మనకు చెప్పు కథ వక్రముగా ఉండును. ఎంత వక్రముగా ఉండునో చూపుటకు ఈ ఐఫోనునే ఉదాహరణముగా తీసికొని కొందరు లెక్క కట్టియున్నారు.

2010 లో టోక్యోలోని ఆసియా అభివృద్ధి బ్యాంకు సంస్థ తరపున యూచింగ్ షింగ్, నీల్ డెటర్ట్ అను ఇద్దరు ఒక పరిశీలన ప్రకటించిరి. వారు తీసికొన్నది 2009 నాటి ఐఫోను. చైనానుండి బయలుదేరునప్పుడు ఒక్కొక్క దానికి అయిన ఖర్చు 178 డాలర్ల 96 సెంట్లు. అందులో జ్ఞాపక ఫలకము, చూపు తెర, స్పర్శ తెర జపానునుండి వచ్చినవి. వాటి వెలయే మొత్తములో ఇంచుమించు మూడవ వంతు. జర్మనీ భాగములు, కొరియా భాగములు వేరుగా ఉన్నవి. అమెరికాలోని సంస్థల భాగములు 10 డాలర్ల 75 సెంట్లు. ఇన్నిటిని ఒకచోట చేర్చి, బిగించి, పరీక్షించి, పెట్టెలో పెట్టినందులకు చైనా శ్రామికులకును, ఆ కర్మాగారమునకును దక్కినది 6 డాలర్ల 50 సెంట్లు. అనగా నూటికి నాలుగైనను లేదు.

ఆ సంవత్సరము అట్టి ఫోనులు కోటి పదుమూడు లక్షలు చైనానుండి అమెరికాకు పోయినవి. సుంకపు పుస్తకము ప్రకారము అది 202 కోట్ల డాలర్ల చైనా ఎగుమతి. అమెరికానుండి పోయిన భాగముల విలువ సుమారు 12 కోట్ల డాలర్లు. అందుచేత ఈ ఒక్క వస్తువు వలననే అమెరికాకు చైనాతో 190 కోట్ల డాలర్ల లోటు ఏర్పడినట్లు కనిపించినది. ఇప్పుడు పుస్తకమును ప్రక్కన పెట్టి, చైనావారి చేతిపని విలువను మాత్రము తీసికొందము. కోటి పదుమూడు లక్షల ఫోనులకు ఆరున్నర డాలర్ల చొప్పున అది ఏడు కోట్ల ముప్పదియైదు లక్షల డాలర్లు మాత్రమే. అమెరికా పంపిన భాగముల విలువ అంతకంటె ఎక్కువ. లోటు కనిపించిన చోట నిజమునకు నాలుగున్నర కోట్ల డాలర్లకు పైగా మిగులు ఉన్నది! ఇక దుకాణములో గ్రాహకుడు ఇచ్చిన ధరకును, ఈ 178 డాలర్లకును గల వ్యత్యాసమున అధిక భాగము ఆ ఫోనుపై తన పేరు వేసికొన్న అమెరికా సంస్థకే చేరును. ఆ సొమ్ము ఏ రేవు పుస్తకములోను ఎక్కదు.

ఇంతకు ఆ 190 కోట్ల లోటు ఎక్కడికి పోయినది? మాయమై పోలేదు. చైనాపై కనిపించిన లోటు జపాను, జర్మనీ, కొరియా మొదలగు దేశములకు పంపకమైనది. ఈ సంగతిని కొందరు మరచి, విలువ లెక్క వేసినచో దేశపు వ్యాపార లోటే తగ్గిపోవునని చెప్పుచుందురు. అది పొరపాటు. ఒక చిన్న లెక్కతో దీనిని సరిచూచుకొందము; ఇందులోని అంకెలు మేము కల్పించినవే.

మూడు దేశములు ఉన్నవనుకొందము. మొదటి దేశము 40 రూపాయల నూలు రెండవ దేశమునకు అమ్మినది. రెండవ దేశము దానిని బట్టగా నేసి మూడవ దేశమునకు 70 రూపాయలకు ఇచ్చినది. మూడవ దేశము చొక్కా కుట్టి, 100 రూపాయలకు తిరిగి మొదటి దేశమునకే అమ్మినది. మూడు రేవుల పుస్తకములను కూడినచో ప్రపంచ ఎగుమతి 210 రూపాయలు. నిజమునకు లోకములో పుట్టినది 100 రూపాయల చొక్కా ఒక్కటే. నూలు విలువ మూడుమార్లు, నేత విలువ రెండుమార్లు లెక్కకు ఎక్కినవి. మొదటి దేశమువారు మూడవ దేశముతో తమకు 100 రూపాయల లోటు ఉన్నదని అలజడి పడుదురు; వారు కొన్న చొక్కాలో 40 రూపాయల నూలు వారిదే. విలువ ప్రకారము చూచినచో మూడవ దేశమునకు వారు బాకీపడినది కుట్టుకూలి 30, రెండవ దేశమునకు బాకీపడినది నేతకూలి 30. మొత్తము లోటు 60. పాత పద్ధతిలోను అంతే: 40 అమ్మి 100 కొన్నారు గనుక 60. మారినది మొత్తము కాదు, ఎవరితో ఎంత అను పంపకము. దేశముల మధ్య కలహములు వచ్చునది ఆ పంపకముపైననే గనుక అది చిన్న మార్పు కాదు.

ఈ చొక్కాలోనే నేటి కొలతల సారమంతయు ఉన్నది. రెండవ దేశము 70 రూపాయలకు ఎగుమతి చేసినను అందులో 40 పరాయిది. నూటికి యేబది యేడు పాళ్లు. మూడవ దేశపు ఎగుమతిలో పరాయి పాలు నూటికి డెబ్బది. ఇట్లు ఒక దేశపు ఎగుమతిలో దాగియున్న పరాయి విలువను ఆర్థిక శాస్త్రజ్ఞులు వెనుకటి లంకె అందురు. అనగా వస్తువు మన చేతికి వచ్చుటకు పూర్వము గొలుసులో మన వెనుక ఎవరున్నారను ప్రశ్న. మొదటి దేశము సంగతి వేరు. దాని నూలులో పరాయిది లేదు. కాని ఆ నూలు ఇతర దేశముల ఎగుమతులలో కలిసి ముందునకు పోయినది. అది ముందటి లంకె. ఈ రెండిటిని కూడి, ఆ దేశపు మొత్తము ఎగుమతితో భాగించినచో వచ్చు అంకెను ప్రపంచ విలువ గొలుసులలో ఆ దేశము పాల్గొను ప్రమాణముగా వాడుచున్నారు.

ముందటి లంకెకు మన కన్నుల ముందటి ఉదాహరణము ఒకటి కలదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజము 1968 నుండి అనంతగిరి సొరంగములు దాటి, కొత్తవలస మీదుగా విశాఖపట్టణము రేవునకు రైలులో దిగుచుండెను. ఆ గనులును, ఆ రైలుమార్గమును జపాను ఉక్కు కర్మాగారములకు ఖనిజము పంపుటను దృష్టిలో పెట్టుకొని ఏర్పరచినవి. పెద్ద ఓడలకు అనువుగా 1976 లో రేవునకు బాహ్య నౌకాశ్రయమును చేర్చిరి. విశాఖ పుస్తకములో ఇది జపానునకు భారతదేశపు ఎగుమతి, అంతటితో సరి. అటుతరువాత ఆ ఖనిజము ఉక్కై, ఉక్కు రేకై, రేకు మోటారు కారై, కారు ఓడనెక్కి అమెరికా వీథులకు చేరినప్పుడు, ఆ కారులో బైలదిల్లా కొండ ముక్క ఎంత యున్నదో చెప్పు పుస్తకము ఏ రేవులోను లేదు. అమెరికాలో జనులు జపాను కార్లు కొనుట మానినచో ఇక్కడ రైలు పెట్టెలు ఖాళీగా నిలువవలసి వచ్చునని మాత్రము రైల్వే కూలికి సైతము తెలియగలదు.

అట్టి పుస్తకము లేనప్పుడు ఈ విలువను పట్టుట ఎట్లు? ప్రతి వస్తువును ఐఫోను వలె విప్పి, మరమరకు ధర కనుగొనుట సాధ్యము కాదు. పైగా విప్పిన కొలది లోపల మరియొకటి ఉండును. జపాను తెరలో కొరియా రసాయనము, ఆ రసాయనములో అరబ్బు దేశపు చమురు. ఉక్కు చేయుటకు బొగ్గు కావలెను, బొగ్గు త్రవ్వుటకు ఉక్కు యంత్రము కావలెను. విత్తు ముందా చెట్టు ముందా అనునట్టి చిక్కు ఇది.

ఈ చిక్కును విప్పు ఉపాయమును రష్యాలో విద్యాభ్యాసము చేసి అమెరికాకు పోయిన వాసిలీ లియోంతీఫ్ అను శాస్త్రజ్ఞుడు 1936 లో ప్రకటించెను. ఆయన చేసినది చూచుటకు ఒక పెద్ద పట్టిక. దేశములోని పరిశ్రమలన్నింటిని అడ్డముగా ఒకమారు, నిలువుగా ఒకమారు వ్రాసి, ప్రతి గడిలో ఏ పరిశ్రమ ఏ పరిశ్రమ వద్ద ఎంత సరకు కొన్నదో నింపుట. అడ్డపు వరుస చదివినచో ఆ పరిశ్రమ సరకు ఎవరెవరికి పోయినదో తెలియును. నిలువు వరుస చదివినచో ఆ పరిశ్రమ తన సరకు చేయుటకు ఏమేమి కొన్నదో తెలియును. నిలువు వరుస అడుగున, కొన్న సరకుల వెల పోగా మిగిలినది కనిపించును. కూలి, జీతము, లాభము, అద్దె: ఆ పరిశ్రమ తానుగా చేర్చిన విలువ అదియే. ఇక బొగ్గు ఉక్కుల చిక్కు ఎట్లు తీరినదందురా? ఒక కారుకు ఇంత ఉక్కు, ఆ ఉక్కుకు ఇంత బొగ్గు, ఆ బొగ్గుకు మరల ఇంత ఉక్కు అని వరుసగా లెక్కించుచు పోయినచో ప్రతి మలుపునకు అంకె చిన్నదగుచు వచ్చి, తుదకు లెక్కింప పనిలేనంత స్వల్పమగును. ఆ మలుపులన్నింటిని ఒక్కసారి కూడుటకు గణితములో మార్గము ఉన్నది. ఇన్‌పుట్–అవుట్‌పుట్ పట్టిక అని పేరుపొందిన ఈ పనికే ఆయనకు 1973 లో నోబెల్ బహుమానము వచ్చినది. మన దేశములో కేంద్ర గణాంక సంస్థ 1968-69 సంవత్సరమునకు ఇట్టి పట్టిక తయారుచేసి, తరువాతను కొన్ని సంవత్సరముల కొకటి చొప్పున ప్రకటించుచు వచ్చినది.

ఒక్కొక్క దేశపు పట్టికతో వెనుకటి లంకెను మాత్రము లెక్కింపవచ్చును. ఆ పని డేవిడ్ హమ్మెల్స్, జున్ ఇషీ, కే-ము యీ అను మువ్వురు 2001 లో చేసి చూపిరి. పదునాలుగు దేశముల లెక్కలు తీసికొని, వాటి ఎగుమతులలో నూటికి 21 పాళ్లు దిగుమతి చేసికొన్న సరకే యనియు, 1970 నుండి 1990 లోపల ఆ పాలు నూటికి దాదాపు 30 చొప్పున పెరిగినదనియు తేల్చిరి. అయితే దిగుమతి యైన సరకులో మన సరకే తిరిగి వచ్చినదేమో, మన ఎగుమతి ఏ దేశము మీదుగా ఏ దేశమునకు పోయినదో తెలియవలెనన్నచో ఒక దేశపు పట్టిక చాలదు. అన్ని దేశముల పట్టికలను ఒకదాని ప్రక్కన ఒకటి అంటించి, భారతదేశపు గనులనుండి జపాను ఉక్కునకు, జపాను ఉక్కునుండి అమెరికా ఇంటికి గడులు ఏర్పరచవలెను. నెదర్లాండ్సులోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయమువారు నాయకత్వము వహించి ఇట్టి ప్రపంచ పట్టికను 2012 లో వెలువరించిరి. 2013 జనవరిలో ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థయు, ప్రపంచ వాణిజ్య సంస్థయు కలిసి చేర్చిన విలువ ప్రకారము వ్యాపారపు లెక్కలను ప్రకటించినవి. మరుసటి సంవత్సరము కూప్‌మన్, వాంగ్, వే అనువారు ఒక దేశపు ఎగుమతిని తొమ్మిది ముక్కలుగా విభజించి, ఏది స్వదేశపు విలువ, ఏది పరాయి విలువ, ఏది ఊరక రెండుమార్లు లెక్కింపబడినదో వేరుచేసి చూపిరి. ఆ తొమ్మిదింటిని ఇక్కడ వివరించి పాఠకులను శ్రమపెట్టము. చొక్కా లెక్క గుర్తున్నవారికి అందులో క్రొత్త సూత్రమేమియు లేదు.

ఈ పట్టికల వలన కలిగిన ఆశ్చర్యములలో ఒకటి చెప్పి ముందునకు సాగుదము. సుంకపు లెక్కలో ప్రపంచ వ్యాపారమున సేవల పాలు ఇంచుమించు నాలుగవ వంతు, మిగిలినదంతయు సరకులే. విలువ లెక్కలో సేవల పాలు నూటికి నలుబదికి పైగా ఉన్నది. ఓడలో పోవు యంత్రము ధరలో దాని నమూనా గీసినవాని జీతము, లారీ కిరాయి, బ్యాంకు వడ్డీ, భీమా, గణక యంత్రపు వ్రాతపని దాగియున్నవి. హైదరాబాదులో కూర్చుండి అమెరికా యంత్ర సంస్థకు సాఫ్టువేరు వ్రాయు యువతి, ఆ యంత్రము బ్రెజిలునకు అమ్ముడైనప్పుడు, తానెరుగకయే బ్రెజిలు వ్యాపారములో పాల్గొనుచున్నది.

ఇంతవరకు బాగుగనే యున్నది. అయితే ఈ పాల్గొను ప్రమాణమును పరీక్షలో వచ్చిన మార్కుల వలె చదువుట కూడదు. ఆ తప్పు పత్రికలలో తరచు కనిపించును. సింగపూరు వంటి చిన్న దేశమున అన్నియు దిగుమతి చేసికొనక తప్పదు గనుక వెనుకటి లంకె సహజముగనే పెద్దది. అమెరికా వంటి పెద్ద దేశమునకు కావలసిన భాగములు ఇంటనే దొరకును గనుక అది చిన్నది. చమురు త్రవ్వి పంపు దేశమునకు ముందటి లంకె చాల గట్టిగా ఉండును. అంతమాత్రమున ఆ దేశపు పరిశ్రమలు అభివృద్ధి చెందినవని కాదు, నేలలో చమురు ఉన్నదని మాత్రమే అర్థము. మన దేశపు ఎగుమతులలో శుద్ధిచేసిన పెట్రోలు, సూరతులో సానపట్టిన వజ్రములు చాల కాలముగా పెద్ద పద్దులు. ముడిచమురును, ముడివజ్రములను బయటినుండి తెచ్చియే ఈ రెండును జరుగుచున్నవి. కొల్లూరు గనుల కాలములో కృష్ణాతీరము లోకమునకు ముడి రాళ్లను పంపినది. అనగా అప్పుడు ముందటి లంకె. ఇప్పుడు పరాయి రాళ్లను సానపట్టి పంపుచున్నాము; ఇది వెనుకటి లంకె. రెండిటిలో ఏది మేలైనదో ప్రమాణపు అంకె చెప్పదు. రాయికి దక్కు ధర, చేతిపనికి దక్కు కూలి చూచియే చెప్పవలెను.

కాలక్రమమున పాలు పెరుగుచున్నదా అనునది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. 2009 ఐఫోనులో నూటికి నాలుగు లోపుగా నున్న చైనా పాలు, 2017 లో వచ్చిన ఐఫోను పది అను నమూనాలో ఇంచుమించు నాలుగవ వంతునకు పెరిగినదని అదే షింగ్ తరువాత లెక్కించెను. బిగించుటతో ఆరంభించినవారు క్రమముగా భాగములను చేయ నేర్చిరన్నమాట. మన దేశములో ఈ ప్రశ్న వాదప్రతివాదములకు దారితీసినది. 2020 లో కేంద్ర ప్రభుత్వము ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకము ఇచ్చు పథకమును ఫోనుల పరిశ్రమకు ప్రకటించిన తరువాత ఫోనుల ఎగుమతులు శీఘ్రముగా పెరిగినవి. 2023 లో రిజర్వు బ్యాంకు పూర్వపు గవర్నరు రఘురామ్ రాజన్ మరి ఇద్దరితో కలిసి, ఫోనుల ఎగుమతిని మాత్రమే చూడరాదు, వాటికై తెచ్చుకొను భాగముల దిగుమతిని తీసివేసి చూడవలెనని వ్రాసిరి. దిగుమతి భాగములన్నియు ఎగుమతి ఫోనులలోనికే పోవుట లేదు, స్వదేశపు వాడుకకును, ఇతర యంత్రములకును పోవుచున్నవి గదా యని ప్రభుత్వ పక్షమువారు సమాధానము చెప్పిరి. ఈ వాదములో రెండు వైపులను కొంత సత్యము ఉన్నదని మా అభిప్రాయము. భాగములను తీసివేయవలెననుట సరియే. ఎంత తీసివేయవలెనన్నదే చిక్కు.

ఆ చిక్కు ఈ కొలత యంతటికిని ఆయువుపట్టు వంటిది గనుక కొంచెము నిలిచి చూడవలెను. దేశములోనికి ఇంత ఉక్కు దిగుమతి యైనదని రేవులో తెలియును. దానిలో ఎగుమతి సరకులకు ఎంత వాడిరి, ఇంటి సరకులకు ఎంత వాడిరి అని ఎవరును వ్రాసి యుంచరు. అందుచేత పట్టిక వేయువారు, అందరును సమపాళ్లలో వాడిరని అనుకొందురు. చైనాలో ఇది బొత్తిగా సరిపడలేదు. అక్కడ ఎగుమతి కొరకే పనిచేయు కర్మాగారములకు సుంకము లేకుండ భాగములు తెచ్చుకొను వీలున్నది. అవి పరాయి భాగములను విరివిగా వాడును, ఇంటి సరకు చేయువారు తక్కువగా వాడుదురు. సమపాళ్లని యనుకొన్నచో చైనా ఎగుమతిలో స్వదేశపు విలువ ఉన్నదానికంటె ఎక్కువగా కనిపించును. ఇది గ్రహించి తరువాతి పట్టికలలో చైనాకును, మెక్సికోకును ఎగుమతి కర్మాగారములను వేరు వరుసలో వ్రాసిరి.

మన కొల్లేటి ప్రాంతము వైపు చూచినను ఇదే తమాషా కనిపించును. ప్రపంచ పట్టికలో చేపలు పట్టుట, పెంచుట అంతయు కలిపి ఒకే వరుస. కలకత్తా బజారుకు పోవు శీలావతి, బొచ్చె చేపలును, అమెరికాకు పోవు వనామి రొయ్యయు అందులో ఒకటే. వనామి మన సముద్రపు జీవి కాదు. దాని పుట్టినిల్లు అమెరికా ఖండపు పసిఫిక్ తీరము. పూర్వము మనవారు పెంచిన టైగరు రొయ్య తెల్లమచ్చ వ్యాధికి దెబ్బతినగా, 2009 లో వనామి సాగునకు ప్రభుత్వము అనుమతి ఇచ్చినది. తల్లి రొయ్యలను విదేశములనుండి, ముఖ్యముగా అమెరికానుండి, విమానములలో తెప్పించి, చెన్నైలోని క్వారంటైను కేంద్రములో పరీక్షించిన పిమ్మట హేచరీలకు ఇత్తురు. హేచరీలో పిల్లలకు వేయు ఆర్టీమియా గ్రుడ్లును బయటివే. ఈ దిగుమతిని పట్టిక సమపాళ్లని పంచినచో, పరాయి తల్లి నెరుగని బొచ్చె చేపకు కూడ దానిలో కొంత పాలు అంటగట్టినట్లగును. రొయ్యకు ఉండవలసినది తగ్గును. అట్లైనను రొయ్య విషయములో పొరపాటు పెద్దది కాదు. సాగు ఖర్చులో సగము, ఒకప్పుడు అంతకుమించియు, మేతకే పోవును. ఆ మేతలోని సోయా పిండి, చేప పొడి అధికముగా ఈ దేశపువే. చెరువు త్రవ్వుట, నీరు తోడుట, ఏరియేటర్లు త్రిప్పు కరెంటు, కాపలా, పట్టుబడి, ఐసు, తల తీసి శుభ్రపరచు స్త్రీల కూలి అన్నియు ఇక్కడివే. ఒక డాలరు రొయ్యల ఎగుమతిలో ఇంట నిలుచు విలువ, ఒక డాలరు ఫోనుల ఎగుమతిలో నిలుచు దానికంటె చాల ఎక్కువ.

ఈ భేదము పుస్తకములలోని ముచ్చట కాదని 2025 లో తెలిసివచ్చినది. ఆ ఆగస్టు చివర అమెరికా మన దేశపు సరకులలో అధిక భాగముపై అదనపు సుంకమును 50 శాతమునకు పెంచెను. చేతి ఫోనులకు మినహాయింపు ఉండెను; రొయ్యలకు లేదు. సుంకపు పుస్తకము ప్రకారము ఫోనులు మన దేశమునుండి అమెరికాకు పోవు సరకులలో రొయ్యలకంటె ఎంతో పెద్ద పద్దు. పెద్ద పద్దు తప్పించుకొన్నది గదా యని తృప్తిపడిన వారు ఉన్నారు. విలువను బట్టి చూచువాడు అట్లు తృప్తిపడలేడు. ఫోనుపై సుంకము పడియుండినచో ఆ దెబ్బను భాగములు పంపిన దేశములును పంచుకొనెడివి. రొయ్యపై పడిన దెబ్బను పంచుకొనుటకు ఆక్వా రైతు, మేత మిల్లు, హేచరీ, కోతశాల కూలి తప్ప మరియొకరు లేరు. పైగా ఆ రొయ్యలలో అధిక భాగము ఒక్క ఆంధ్ర తీరమునుండి పోవునది.

విలువ లెక్కకును తెలియని సంగతులు కొన్ని కలవు. అది దేశపు ఎల్లలను చూచును గాని, యజమాని ఎవరని అడుగదు. మన నేలపై పనిచేయు విదేశీ కర్మాగారపు లాభము మన దేశపు విలువగనే ఎక్కును. ఆ లాభము మరునాడు స్వదేశమునకు తరలిపోయినను సరియే. దీనికి పరమావధి ఐర్లండులో కనిపించినది. 2015 లో ఆ దేశపు స్థూల దేశీయోత్పత్తి ఒక్క యేటిలో నాలుగవ వంతునకు పైగా పెరిగినదని ప్రకటింపగా లోకము విస్తుపోయినది. క్రొత్తగా కర్మాగారములు వెలసినవా? లేదు. కొన్ని మహాసంస్థలు తమ పేటెంటు హక్కులు మొదలగు ఆస్తులను కాగితములపై అక్కడికి మార్చుకొన్నవి. ఐర్లండు కార్మికుని ఇంట ఆ పెరుగుదల జాడ లేదు. అట్టి అంకెలు చేరిన ప్రపంచ పట్టికలో ఐరోపా గొలుసులన్నియు కొంత వంకర పోక తప్పదు.

కాలము సంగతి మరియొకటి. దేశ దేశముల పట్టికలు తెప్పించి, ఒక దేశము ఇంత అమ్మితిననుటకును, రెండవ దేశము ఇంతే కొంటిననుటకును గల తేడాలను సరిపుచ్చి, ప్రపంచ పట్టిక వెలువరించుటకు సంవత్సరములు పట్టును. 2025 ఆగస్టు సుంకము వలన ఆంధ్ర తీరమున తగ్గిన విలువ ఎంతో ఆ పట్టిక చెప్పునాటికి ఆ చెరువులలో మరి కొన్ని పంటలు పట్టుబడి యగును. భీమవరము ప్రాంతములో చెరువు గట్టున నిలిచిన రైతునకు మాత్రము నూరు కౌంటు ధర ఎంత దిగినదో, ముప్పది కౌంటును కొనువాడు వచ్చునో రాడో, ఏ పూటకాపూట ఫోనులో తెలియుచునే యుండెను.